అవతలి ఒడ్డున మన పల్టన్

సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి వెళ్లిన డివిజన్ 1987లో పక్క దేశపు అంతర్యుద్ధంలో చిక్కుకుంది. ఇంటి మీద బెంగ ఒకవైపు, తిన్న ఉప్పు ఒకవైపు లాగిన ఆ జవాన్ల కథ ఇది.

ఫలక్‌నుమా నుంచి వచ్చే ఎంఎంటీఎస్ కాచిగూడలో ఆగి కదిలిందంటే సికింద్రాబాద్ చేరడానికి ఎంతోసేపు పట్టదు. విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ, సీతాఫల్‌మండి... ఈ లైను ఓ యూనివర్సిటీని ఒరుసుకుంటూ పోతుందని స్టేషన్ల పేర్లే చెబుతాయి. ఆర్ట్స్ కాలేజీలో పుస్తకాల సంచులు దిగుతాయి. తార్నాక వెళ్లాల్సినవాళ్లు ఆటో కోసం చూస్తారు. పట్టాలు దాటొద్దని రైల్వేవాళ్లు చెబుతూనే ఉంటారు, జనం దాటుతూనే ఉంటారు.

ఇలాంటి లైనే ఒకటి శ్రీలంక ఉత్తరాన ఉంది. కాంకేసంతురై రేవుకూ జాఫ్నా పట్నానికీ మధ్య నడిచే ఆ లైను కోకువిల్ దగ్గర జాఫ్నా యూనివర్సిటీకి చేరువగా వెళ్తుంది. 1987 అక్టోబరులో ఆ పట్టాల మీద నడిచినవి రైళ్లు కావు, మన సైన్యం టీ-72 ట్యాంకులు. రోడ్లలో అడుగడుగునా మందుపాతరలు. రైలు పట్టాల కింద పెట్టి ఉండరన్న లెక్కతో మేజర్ అనిల్ కౌల్ తన ట్యాంకులకు ఆ దారి పట్టించాడు. క్యాంపస్ పక్క ఇళ్లలో కమాండోలు చిక్కుకుపోయి ఉన్నారు, వాళ్లను బయటికి తేవాలి. తెచ్చారు. ఆ పనిలో కౌల్‌కు ఓ కన్ను పోయింది, చేతి వేళ్లు పోయాయి. తర్వాత ఆయన రాసుకున్న పుస్తకం పేరు ‘బెటర్ డెడ్ దాన్ డిజేబుల్డ్’.

ఈ కథలో హైదరాబాద్ వాళ్లకు పెద్దగా తెలియని ముక్క ఒకటుంది. ఆ యుద్ధంలో మొదట దిగిన డివిజన్ మన సికింద్రాబాద్‌దే.

సంతకం పెట్టిన మర్నాడే

54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్‌కు పేరు లేకపోలేదు. 1971లో మేజర్ జనరల్ పింటో నాయకత్వంలో శకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర పాకిస్తాన్ ట్యాంకులతో తలపడింది ఈ డివిజనే. అక్కడ అవతలి మనిషి ఎవరో తెలుసు. వాడి యూనిఫాం వేరు, వాడి జెండా వేరు, మధ్యలో సరిహద్దు ఉంది. యుద్ధమంటే అదని పల్టన్లకు నూరిపోసిన రోజులవి.

1987 జూలై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, లంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో భారత-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలు చేశారు. జూలై 30న 54వ డివిజన్ జవాన్లు జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో దిగడం మొదలుపెట్టారు. పెళ్లికి వెళ్లాలన్నా మనకు ఇంతకంటే ఎక్కువ వ్యవధి కావాలి. అదే 30న కొలంబోలో సైనిక వందనం అందుకుంటున్న రాజీవ్ మీద లంక నౌకాదళ సిపాయి ఒకడు తుపాకీ మడమతో దెబ్బ వేశాడు. శకునాలు నమ్మేవాళ్లకు అది చాలు.

పంపింది మాత్రం యుద్ధానికి కాదు. పేరే శాంతి పరిరక్షక దళం, ఐపీకేఎఫ్. సింహళ ప్రభుత్వ సైన్యం బ్యారక్‌లలో ఉండాలి, తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి, మధ్యలో మనవాళ్లు పెద్దమనుషుల్లా నిలబడాలి. డివిజన్ కమాండర్ మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్. ఆయన కింది పల్టన్లలో 5 మద్రాస్ ఉంది, 8 మహార్ ఉంది, మరాఠాలున్నారు. మద్రాస్ రెజిమెంట్ అంటే తమిళులే అనుకుంటారు కానీ తెలుగు, కన్నడ, మలయాళ జవాన్లూ అందులో ఉంటారు. వాళ్ల రెజిమెంట్ సూక్తి గీతలోది. పరాయి ధర్మం జోలికి పోకుండా తన ధర్మంలో చావడమే మేలన్నది దాని సారం. శ్రీలంకలో అడుగుపెట్టిన సిపాయికి ఆ ‘తన ధర్మం’ ఏమిటన్నదే చిక్కుముడి అయిపోయింది.

మొదట్లో జాఫ్నా జనం పూలదండలతో ఎదురొచ్చారు. సింహళ సైన్యం బాంబుల నుంచి కాపాడటానికి భారతదేశం వచ్చిందని సంబరపడ్డారు. ఆగస్టు 5న పలాలీలో తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ లాంఛనంగా కొన్ని తుపాకులు అప్పగించింది. అది లాంఛనమేనని తర్వాత తేలింది.

జాఫ్నా ద్వీపకల్పాన్ని మన కోస్తావాళ్లు చూస్తే పరాయి దేశమని చప్పున నమ్మరు. ఎర్ర నేల, తాటి తోపులు, తాటాకు దడులు, చేంతాడు బావులు, ఉల్లి మడులు, మిరప తోటలు, పొగాకు. లుంగీ కట్టిన మగవాళ్లు, సైకిలు మీద బడికెళ్లే రెండు జడల ఆడపిల్లలు, గుడి గంట. తమిళనాడు తీరం ఓ యాభై, అరవై కిలోమీటర్ల దూరమే. మంచుకొండల మీద కాపలా కాసేవాడికి ఇల్లు కలలోనే గుర్తుకొస్తుంది. ఇక్కడ అలా కాదు. కళ్లు తెరిస్తే మన ఊరు లాంటి ఊరే ఎదురుగా. ఆ దడి వెనక తుపాకీ ఉందో, పొయ్యి ఊదుతున్న ముసలమ్మ ఉందో తెలియదు.

బెంగ అనే జబ్బు

తెలుగులో ‘బెంగ పెట్టుకుని మంచం పట్టాడు’ అంటాం. అది మాటవరసకు అన్నది కాదని వైద్యుల చరిత్ర చెబుతోంది. 1688లో స్విట్జర్లాండ్‌లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగకు ‘నోస్టాల్జియా’ అని పేరు పెట్టి దాన్ని రోగాల జాబితాలో చేర్చాడు. పరాయి రాజుల దగ్గర కిరాయికి పనిచేసే స్విస్ సిపాయిలు ఆ జబ్బుకు పేరుపడ్డారు. తిండి సయించదు, నిద్ర పట్టదు, జ్వరం దిగదు, మందుకు లొంగదు. ఇంటికి పంపితే లేచి కూర్చుంటారు.

1861-65 అమెరికా అంతర్యుద్ధం నాటికి కూడా అది జబ్బుల పద్దులోనే ఉంది. ఉత్తరాది సైన్యం వైద్య రికార్డుల్లో ఐదువేలకు పైగా నోస్టాల్జియా కేసులు, 74 మరణాలు నమోదయ్యాయి. 1862 చివర్లో ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధం అయిపోయాక రాపహానాక్ నదికి చెరో ఒడ్డునా రెండు సైన్యాలు చలికాలం గడిపాయి. ఓ సాయంత్రం బ్యాండు మేళాలు పోటీపడి ఎవరి పాటలు వాళ్లు వాయించుకుని, చివరికి రెండు ఒడ్డులా ‘హోమ్, స్వీట్ హోమ్’ అందుకున్నాయని చెబుతారు. మళ్లీ వాళ్లే ఒకరినొకరు కాల్చుకున్నారు. సిపాయిలకు ఇల్లు గుర్తుచేస్తుందని కొన్నిచోట్ల ఆ పాటనే వాయించొద్దన్నారు.

మన సైన్యం బెంగను రోగంగా రాసుకోదు. దానికి ఇక్కడున్న మందు రెండు ముక్కలు: ఛుట్టీ, చిట్ఠీ. ఛుట్టీ దొరకడం మన చేతుల్లో ఉండదు. చిట్ఠీ మాత్రం ఉంటుంది.

ఆ చిట్ఠీ గురించి రెండు మాటలు చెప్పాలి, ఈ తరానికి అది తెలియదు. జవాను రాసే ఫోర్సెస్ లెటర్‌కు స్టాంపు ఖర్చు లేదు. ఇంటి నుంచి రాసేవాళ్లు మాత్రం చిరునామా జాగ్రత్తగా రాయాలి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర ‘కేరాఫ్ 56 ఏపీవో’. అంతే. ఊరు లేదు, జిల్లా లేదు, రాష్ట్రం లేదు. కొడుకు కశ్మీర్‌లో ఉన్నా అదే 56, రాజస్థాన్ ఇసుకలో ఉన్నా అదే 56. పల్టన్ ఎక్కడుందో శత్రువుకు తెలియకుండా చేసుకున్న ఏర్పాటు అది. తల్లికీ తెలియదు. ఇన్‌లాండ్ కవరు మడతలో కూడా చోటు వదలకుండా అడ్డంగా, నిలువుగా రాసేవాళ్లు: గేదె ఈనింది, చెల్లెలి సంబంధం కుదిరేట్టుంది, బావిలో నీళ్లు అడుగంటాయి, నువ్వు వేళకు తిను. జాబు రాయడం రాని తల్లి పోస్టుమాస్టరు చేతో, బడిపిల్లాడి చేతో రాయించేది. కోడలైతే అత్తగారు వినేలా చెప్పలేని మాటలు మింగేసి ‘మీ ఆరోగ్యం జాగ్రత్త’ అని ముగించేది.

1987 అక్టోబరు తర్వాత ఇళ్లలో రేడియో వార్తలు వినే తీరు మారింది. జాఫ్నా అన్న మాట వినపడితే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది. వీధిలో టెలిగ్రాం మనిషి సైకిలు కనిపిస్తే, అది మన గుమ్మం దాటిపోయేదాకా ఊపిరాడేది కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్లకు ఈ ఎదురుచూపు తరతరాలది. రెండు ప్రపంచ యుద్ధాలకూ కొడుకులను పంపి ‘మిలిటరీ మాధవరం’ అని పేరు తెచ్చుకున్న ఊరు అది.

మన సినిమాల్లో మిలిట్రీ బాబాయంటే బుర్ర మీసం, క్యాంటీన్ రమ్ము, అరిగిపోయిన తుపాకీ కబుర్లు. జాఫ్నా నుంచి వచ్చిన బాబాయిని ఏ సినిమా చూపించినట్టు లేదు. ఆ కబుర్లు నవ్వించవు కాబట్టి కావచ్చు.

ఫుట్‌బాల్ మైదానంలో ముప్పై మంది

సెప్టెంబరు నుంచి పరిస్థితి బెడిసింది. ఎల్‌టీటీఈకి చెందిన తిలీపన్ నల్లూరు గుడి దగ్గర నీళ్లయినా ముట్టకుండా దీక్షకు కూర్చుని సెప్టెంబరు 26న చనిపోయాడు. అక్టోబరు మొదట్లో లంక నౌకాదళం సముద్రంలో పట్టుకున్న 17 మంది పులుల్లో 12 మంది, కొలంబో తరలిస్తారని తెలిసి పలాలీలోనే సైనైడ్ మింగి ప్రాణాలు తీసుకున్నారు. మన సైన్యం కళ్లెదుటే ఇది జరిగింది. పూలదండలు వేసిన జనమే ముఖం తిప్పుకున్నారు. ఆ వెంటనే ‘ఆపరేషన్ పవన్’ మొదలైంది. శాంతి పరిరక్షక దళం కాస్తా యుద్ధంలో ఒక పక్షమైపోయింది.

అక్టోబరు 11 అర్ధరాత్రి. పులుల నాయకులు యూనివర్సిటీ పరిసరాల్లో సమావేశమయ్యారని సమాచారం. ఎంఐ-8 హెలికాప్టర్లలో 10 పారా కమాండోలను, అంతకు కాస్త ముందే లంకకు చేరుకున్న 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను క్యాంపస్ ఫుట్‌బాల్ మైదానంలో దింపి నాయకత్వాన్ని పట్టేయాలన్నది పథకం. కాగితం మీద బాగానే ఉంది. కానీ మన రేడియో సంభాషణలు పులులు వింటున్నారు. హెలికాప్టర్లు వచ్చేసరికి కాచుకుని ఉన్నారు. నూరు మంది పైచిలుకు కమాండోలు దిగగలిగారు. మూడు వందలకు పైగా రావాల్సిన సిఖ్ జవాన్లలో మేజర్ బీరేంద్ర సింగ్‌తో కలిపి ముప్పై మందే దిగారు. తూటాల వానలో హెలికాప్టర్లు మళ్లీ రాలేకపోయాయి.

కమాండోలు ఇళ్ల మధ్యకు చొచ్చుకుపోయి ఎలాగో నిలబడ్డారు. పైన చెప్పిన ట్యాంకులు వచ్చింది వాళ్ల కోసమే. సిఖ్ జవాన్లు మాత్రం వెనకవాళ్లు వస్తారని దిగినచోటే ఉండిపోయారు. మర్నాడు పొద్దెక్కేదాకా పోరాడారు. ముప్పై మందిలో 29 మంది చనిపోయారు. బందీగా దొరికి ప్రాణాలతో బయటపడ్డవాడు సిపాయి గోరా సింగ్ ఒక్కడే. చివర మిగిలిన కొద్దిమంది తూటాలు అయిపోయాక తుపాకులకు బాయ్‌నెట్లు బిగించి ముందుకు ఉరికారని లోకానికి తెలిసింది అతని వల్లే.

ఎందుకు ఉరికారు? ఇక్కడ కాస్త ఆగాలి. పంజాబ్ రైతుబిడ్డకు పులులు అడిగే ప్రత్యేక దేశం తమిళ ఈలం వస్తే ఏంటి, రాకపోతే ఏంటి? ఆ రోజుల్లో పంజాబే రగులుతోంది. ఇంటి దగ్గర తన వాళ్ల క్షేమమే తనకు తెలియదు. భారత-శ్రీలంక ఒప్పందంలో ఏ నిబంధన ఏమంటుందో సిపాయికి ఎవరూ చదివి వినిపించరు. పల్టన్లలో దీనికి పాత జవాబు ఒకటుంది: నామ్, నమక్, నిశాన్. పేరు, ఉప్పు, జెండా. ‘తిన్న ఉప్పుకు ద్రోహం చేయకూడదు’ అని మన ఇళ్లలోనూ అంటాం. కానీ నిజానికి దగ్గరి జవాబు ఇంకా చిన్నది. పక్కవాడు నిలబడ్డాడు కాబట్టి నేనూ నిలబడ్డాను. దేశం, రాజ్యాంగం, విదేశాంగ విధానం అన్నీ కుంచించుకుపోయి, చివరికి నిన్న రాత్రి ఒకే పళ్లెంలో తిన్న మనిషి దగ్గర ఆగుతాయి. పరాయివాళ్ల అంతర్యుద్ధంలో కర్తవ్యం ఇలాగే మిగులుతుంది.

అది గొప్పగానూ ఉంటుంది, భయంకరంగానూ ఉంటుంది. పక్కవాడు పడిపోయాక ఆ కర్తవ్యం ఎటు తిరుగుతుందో చెప్పలేం.

దీపావళి నాటి ఆస్పత్రి

అక్టోబరు 21న జాఫ్నాలో దీపావళి. ఆ రోజు భారత సైనికులు జాఫ్నా ఆస్పత్రిలోకి కాల్పులు జరుపుతూ వచ్చారు. మర్నాటికి అరవై మందికి పైగా చనిపోయారు. అందులో ముగ్గురు డాక్టర్లు, నర్సులు, ఇతర సిబ్బంది, మంచాల మీది రోగులు ఉన్నారు. ఆస్పత్రిలోంచి పులులు కాల్పులు జరిపారని, ఎదురుకాల్పుల్లో చిక్కుకుని చనిపోయారని సైన్యం అంది. సైనికులు వచ్చే వేళకు అక్కడ పులులు లేరని, తెల్లకోటుతో చేతులెత్తి వచ్చిన డాక్టరునూ కాల్చారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. ఫుట్‌బాల్ మైదానం వీరత్వాన్ని చెప్పుకుని ఈ ఆస్పత్రి దగ్గర మౌనం పాటించడం మనకు అలవాటైంది. రెండూ పది రోజుల తేడాలో జరిగాయి.

ఆస్పత్రి మాట బయటికి రావడంలో మళ్లీ ఆ యూనివర్సిటీవాళ్ల పాత్రే ఉంది. అనాటమీ విభాగం అధిపతి రజనీ తిరణగమ, మరి ముగ్గురు అధ్యాపకులు కలిసి సాక్ష్యాలు సేకరించి ‘ది బ్రోకెన్ పామైరా’ అనే పుస్తకం రాశారు. విరిగిన తాటిచెట్టు అని అర్థం. అందులో ఐపీకేఎఫ్‌ను వదల్లేదు, లంక సైన్యాన్ని వదల్లేదు, పులులనూ వదల్లేదు. 1989 సెప్టెంబరు 21న ఆమె కాలేజీ నుంచి సైకిలు మీద ఇంటికి వెళ్తుండగా కాల్చి చంపారు. ఆమె వయసు ముప్పై అయిదు. ఆ హత్య పులుల పనేనని ఆమె సహచరులు మొదటినుంచీ అంటున్నారు. తార్నాకలో కాపురముండి క్యాంపస్‌కు వెళ్లొచ్చే అధ్యాపకులు మన దగ్గరా ఉన్నారు. వాళ్లలో ఒకరు ఇలా మూడు తుపాకులనూ ఒకేసారి వేలెత్తి చూపడం ఊహించుకుంటే ఆమె ధైర్యం కొలత తెలుస్తుంది.

కర్తవ్యమంటే చెప్పింది చేయడమేనా అన్న ప్రశ్నకు అదే డివిజన్‌లో ఇంకో జవాబూ ఉంది. యుద్ధం మొదలవకముందు, సెప్టెంబరు మధ్యలో, చర్చల కోసం వస్తున్న పులుల అధినేత ప్రభాకరన్‌ను పట్టుకోమనో, కాల్చేయమనో కొలంబోలోని భారత హైకమిషనర్ దీక్షిత్ తనకు ఫోన్‌లో చెప్పారని హర్‌కీరత్ సింగ్ తర్వాత రాసుకున్నాడు. తన పైఅధికారి లెఫ్టినెంట్ జనరల్ దీపీందర్ సింగ్‌తో మాట్లాడి ఆ పని చేయనన్నాడట. తెల్లజెండా కింద మాటలకు వచ్చినవాణ్ని సైన్యం వెన్నుపోటు పొడవదన్నది ఆయన వాదన. ఇది ఒక పక్షం చెప్పిన మాటేనని గుర్తుంచుకోవాలి. ఆయన ఒప్పుకుని ఉంటే పన్నెండు వందల ప్రాణాలు దక్కేవని లెక్కలు వేసేవాళ్లున్నారు. ఆ లెక్క ఎవరూ సరిచూడలేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం జనరల్ వైపే మొగ్గాలనిపిస్తుంది. చర్చలకు పిలిచి చంపిన సైన్యాన్ని మళ్లీ ఎవరూ పెద్దమనిషిగా నమ్మరు.

ఆ డివిజన్ పేరు నిలిపిన మరో మనిషి 8 మహార్‌కు చెందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్. 1987 నవంబరు 25న గాలింపు ముగించుకుని వస్తుండగా దాడి జరిగింది. ఛాతీలో తూటా దిగినా ఎదురువాడి చేతిలోని తుపాకీ లాక్కుని వాణ్ని కాల్చాడు, చివరి ఊపిరిదాకా తన వాళ్లకు ఆదేశాలిస్తూనే ఉన్నాడు. మొత్తం ఐపీకేఎఫ్‌లో పరమవీర చక్ర దక్కింది ఆయనొక్కరికే, అదీ చనిపోయాక.

మన నేలకు ఇది కొత్త కాదు

దండలతో ఆహ్వానించిన సైన్యమే తర్వాత తుపాకీ ఎక్కుపెట్టడం తెలంగాణ పెద్దలకు తెలిసిన సంగతే. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యాలు హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చాయి. 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయిందని ఊళ్లు పండగ చేసుకున్నాయి. ఆ తర్వాత అదే సైన్యం కమ్యూనిస్టు దళాల వేటకు నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెల్లో దిగింది. సాయుధ పోరాటం విరమించేసరికి 1951 అక్టోబరు వచ్చింది. దళంలో ఉన్నవాడూ రైతుబిడ్డే, వాణ్ని వెతికినవాడూ ఎక్కడో ఒక రైతుబిడ్డే. ఆ రోజుల్ని దళాల వైపు నుంచి చెప్పే పుస్తకాలు మన దగ్గర బోలెడున్నాయి. వెతకడానికి వచ్చిన ఆ సిపాయి ఏం అనుకున్నాడో తెలుగులో దాదాపు ఎవరూ రాయలేదు. జాఫ్నా విషయంలోనూ అదే లోటు.

ఎవరూ రాని రేవు

1988 నాటికి లంకలో మన డివిజన్లు నాలుగయ్యాయి. కొలంబోలో అధ్యక్షుడు మారాడు. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస 1989 జూన్‌లో మన సైన్యాన్ని వెళ్లిపొమ్మన్నాడు. అంతటితో ఆగలేదు, ఐపీకేఎఫ్‌తో పోరాడటానికి పులులకే ఆయుధాలు అందించాడు. ఏ ప్రభుత్వం పిలిస్తే వెళ్లారో ఆ ప్రభుత్వమిచ్చిన తుపాకుల ముందే మన జవాన్లు నిలబడాల్సి వచ్చింది. ఢిల్లీలోనైతే ప్రభుత్వమే మారింది. వి.పి. సింగ్ సైన్యాన్ని వెనక్కి పిలిచారు. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ నుంచి ఓడెక్కింది.

మద్రాసు రేవులో వాళ్లకు స్వాగతం పలికే కార్యక్రమానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. సాటి తమిళులను చంపిన సైన్యానికి ఎలా స్వాగతం చెప్పనన్నది ఆయన మాట. ఆయన రాజకీయం ఆయనది. కానీ ఇన్నాళ్లుగా ఇంటి మొహం చూడాలని తపించి, ఓడ మెట్లు దిగిన కుర్రాడికి ఆ ఖాళీ కుర్చీ ఏం చెప్పి ఉంటుంది? లంకలో సింహళులకు అతను ఆక్రమణదారు, తమిళులకు ద్రోహి. స్వదేశంలో అడుగుపెట్టాక మరచిపోదగ్గ మనిషి. అక్కడి నుంచి ట్రంకు పెట్టె, హోల్డాల్‌తో రైలెక్కి ఇంటిదారి పట్టడమే మిగిలింది. పాలమూరు, కర్నూలు వైపు పోవాల్సినవాళ్లకు అప్పట్లో కాచిగూడ నుంచి మీటర్ గేజ్ బండ్లుండేవి. 1916లో నిజాం రైల్వేవాళ్లు కట్టిన ఆ స్టేషన్ ఎన్ని యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సిపాయిలను చూసిందో.

ఆ యుద్ధం మళ్లీ ఒకసారి మన గడప దాకా వచ్చింది. 1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు చేరి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు వెళ్లారు. ఐపీకేఎఫ్‌ను పంపినందుకు పులులు అక్కడ ఆయన్ను చంపి తీర్చుకున్న పగ అది.

చనిపోయిన మన సైనికులు దాదాపు 1,200 మంది. వాళ్ల పేర్లు చెక్కిన స్మారకం మొదట వెలిసింది మన దేశంలో కాదు. కొలంబో పక్కన, లంక పార్లమెంటుకు దగ్గరలో 2008లో దాన్ని కట్టారు. వెళ్లిపొమ్మన్న దేశమే రాయి నిలబెట్టింది. మన ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమయ్యేసరికి 2019 ఫిబ్రవరి వచ్చింది. అప్పటికి జాఫ్నా వెళ్లిన కుర్రాళ్లు తాతలయ్యారు.

కోకువిల్ మీదుగా పోయే ఆ రైలు లైను 1990లో మూతపడింది. పట్టాలు, స్లీపర్లు ఎవరికి దొరికినవి వాళ్లు పీక్కుపోయి బంకర్లు కట్టుకున్నారు. యుద్ధం 2009లో ముగిశాక మన రైల్వే శాఖకు చెందిన ఇర్కాన్ సంస్థ దాన్ని మళ్లీ వేసింది. 2014 అక్టోబరు 13న యాళ్ దేవి రైలు ఇరవై నాలుగేళ్ల తర్వాత జాఫ్నా స్టేషన్‌కు వచ్చింది. మరుసటి ఏడాది కాంకేసంతురై దాకా వెళ్లింది. ఇప్పుడు అక్కడా ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో లాగే పుస్తకాల సంచులు ఎక్కి దిగుతున్నాయి.

సైనిక్‌పురి, అల్వాల్, మల్కాజిగిరి, తిరుమలగిరి కాలనీల్లో గేటుకు ర్యాంకుతో సహా పేరు రాసుకున్న ఇళ్లు చాలా కనిపిస్తాయి. 1987లో ఇరవై ఏళ్ల జవాను ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాడు. అప్పటి సుబేదార్లకు ఎనభై దాటుతోంది. మీ వీధిలో అలాంటివాళ్లుంటే, ‘ఐపీకేఎఫ్‌లో వెళ్లారా అంకుల్?’ అని ఒకసారి అడిగి చూడండి. అవునంటే, టీ పెట్టించుకుని కూర్చోండి. ఫుట్‌బాల్ మైదానం గురించి అడగండి, ఆస్పత్రి గురించీ అడగండి. ఆ చిట్ఠీలు ఇంట్లో ఏ ట్రంకు పెట్టెలోనైనా మిగిలి ఉన్నాయేమో వెతకమనండి.